సర్వర్లు పెంచితే చాలదు, తీసేసేది ఎవరో అడగండి

సంపాదకులకు నమస్కారం.

పరీక్ష ఫలితాలు విడుదలైన రోజునో, కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరి రోజునో ప్రభుత్వ వెబ్‌సైట్లు మొరాయిస్తే, మరునాడు పత్రికల్లో రెండు మాటలు తప్పకుండా కనబడతాయి. ఒకేసారి లక్షల మంది ప్రయత్నించడంతో సర్వర్లు కుప్పకూలాయన్నది మొదటిది. ఇకనైనా అధికారులు సర్వర్ల సామర్థ్యం పెంచాలన్నది రెండోది. మీ పత్రిక కూడా ఇందుకు మినహాయింపు కాదు. మొదటి మాటలో నిజం ఉంది. రెండోది మాత్రం నాలుగు సర్వర్లు కొని ఒక గదిలో పెట్టి తాళం వేసుకునే కాలానికి చెల్లిన సలహా. ఇప్పుడు ఇలాంటి సేవలు అనేకం క్లౌడ్ మీద, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకునే సర్వర్ల మీద నడుస్తున్నాయి. రద్దీని బట్టి సర్వర్లు వాటంతటవే పెరిగి తగ్గే ఏర్పాటు, అంటే ఆటో స్కేలింగ్, వాటిలో మామూలైపోయింది. అయినా కూలుతూనే ఉన్నాయి. హైదరాబాద్‌లో ఇదే పని చేసుకుని బతికే ఇంజినీర్లలో ఒకడిగా, దీనికి ఉన్న కారణాల్లో బయట ఎవరూ మాట్లాడని ఒకదాని గురించి రాస్తున్నాను. రద్దీ రోజున ఒక సేవ నిలబడుతుందా లేదా అన్నది ఎన్ని సర్వర్లు పెంచగలం అన్నదాని మీద ఎంత ఆధారపడి ఉంటుందో, ఏ సర్వర్ పనికిరాదని యంత్రం తేలుస్తోంది, అలా తేల్చినవాటిలో ఎన్నింటిని ఒకేసారి తీసేయడానికి దానికి అధికారం ఇచ్చాం అన్నదాని మీద కూడా అంతే ఆధారపడి ఉంటుంది.

ఆటో స్కేలింగ్ అనగానే అందరికీ తట్టేది పెంచడం, తగ్గించడం. అంతగా చర్చకు రాని మూడో పని మార్పిడి: పాడైన సర్వర్‌ను గుర్తించి, తీసేసి, దాని స్థానంలో కొత్తదాన్ని నిలబెట్టడం. ఈ గుర్తింపు హెల్త్ చెక్ ద్వారా జరుగుతుంది. వచ్చే ట్రాఫిక్‌ను సర్వర్ల మధ్య పంచే లోడ్ బ్యాలన్సర్ తన వెనకున్న ప్రతి సర్వర్‌కూ నిర్ణీత వ్యవధిలో ఒక చిన్న రిక్వెస్టు పంపుతుంది. అనుకున్న సమయంలో అనుకున్న జవాబు వస్తే ఆ సర్వర్ బాగున్నట్టు, రాకపోతే బాగాలేనట్టు. క్లౌడ్ సేవలు అమ్మే అమెజాన్ వారి అప్లికేషన్ లోడ్ బ్యాలన్సర్‌లో ఎవరూ ఏమీ మార్చకుండా వదిలేస్తే ఈ ప్రశ్న 30 సెకన్లకు ఒకసారి వెళుతుంది, జవాబు కోసం 5 సెకన్లు ఎదురుచూస్తుంది, వరుసగా రెండుసార్లు జవాబు తప్పితే ఆ సర్వర్‌కు ట్రాఫిక్ పంపడం ఆపేస్తుంది. అంటే నిక్షేపంగా నడుస్తున్న సర్వర్ మీద అనర్హత ముద్ర పడటానికి నిమిషం చాలు. ఆ ముద్ర తొలగాలంటే మాత్రం వరుసగా ఐదుసార్లు సరైన జవాబు చెప్పాలి. ఇంతవరకు నాకేమీ అభ్యంతరం లేదు. తడబడుతున్నదాన్ని కాసేపు పక్కన కూర్చోబెట్టి, కోలుకున్నాక మళ్లీ పిలవడం సబబే.

చిక్కంతా ఈ తీర్పును తీసుకెళ్లి సర్వర్లను పుట్టించి, తీసేసే ఆటో స్కేలింగ్ గ్రూపు చేతిలో పెట్టినప్పుడు మొదలవుతుంది. లోడ్ బ్యాలన్సర్ చెప్పిందే ఆఖరి మాటగా తీసుకోమని గ్రూపుకు చెప్పి ఉంటే, అనర్హత ముద్ర పడిన సర్వర్ కోలుకుంటుందేమోనని అది చూడదు. వెంటనే తొలగింపు వరుసలోకి చేర్చి, దానికి బదులు ఇంకొకదాన్ని పుట్టిస్తుంది. ఐదుసార్లు జవాబు చెప్పి తిరిగి అర్హత పొందే అవకాశం కాగితం మీద ఉంటుంది కానీ, అది వాడుకునే లోపే సర్వర్ ఉండదు. ఇంకో తేడా చూడండి. తన వెనకున్న సర్వర్లన్నీ ఒకేసారి అనర్హమని తేలితే లోడ్ బ్యాలన్సర్ తన తనిఖీనే పక్కన పెట్టి, అన్నిటికీ ట్రాఫిక్ పంచుతుంది. అన్ని సర్వర్లూ ఒకే నిమిషంలో పాడవడం కంటే తనిఖీలోనే ఏదో తేడా ఉండటానికి అవకాశం ఎక్కువన్న ఇంగితం దాన్ని తయారుచేసినవారికి ఉంది కాబట్టి అలా పెట్టారు. అదే సమయంలో, అదే తనిఖీ ఫలితాన్ని చేతిలో పట్టుకున్న ఆటో స్కేలింగ్ గ్రూపు వాటిని తీసేసే పనిలో ఉంటుంది. ఒకరు ఉంచమంటారు, ఒకరు తెంచమంటారు. ఈ రెండూ ఒకే కంపెనీ సేవలు, ఒకే కన్సోల్‌లో, అంటే నిర్వహణ పేజీలో, పక్కపక్కనే కనబడతాయి.

కాబట్టి లోడ్ బ్యాలన్సర్ తీర్పును గ్రూపుకు అప్పగించకుండా ఉంటే పోదా అని అడగవచ్చు. నిజానికి అమెజాన్ ఆటో స్కేలింగ్ డిఫాల్ట్‌గా చూసేది వర్చువల్ మెషీన్, అంటే అద్దెకు తీసుకున్న సర్వర్, బతికి ఉందా, దాని కింది హార్డ్‌వేర్, నెట్‌వర్క్ సరిగ్గా ఉన్నాయా అన్నది మాత్రమే. దాని మీద నడిచే అప్లికేషన్ సంగతి దానికి పట్టదు. ఇది రెండో రకం ప్రమాదానికి దారి. నేను దగ్గరగా చూసిన ఒక సేవలో, పేరు అనవసరం, లాగ్ ఫైళ్లు పెరిగి పెరిగి డిస్కు నిండిపోయింది. జావా అప్లికేషన్ రాయడానికి చోటు లేక చచ్చిపోయింది. దానికి ముందు నిలబడి రిక్వెస్టులను అందుకునే ఎంజినెక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ మాత్రం చల్లగా ఉంది. హెల్త్ చెక్ అడిగేది హోమ్ పేజీని. హోమ్ పేజీ మార్పులేని ఫైలు కాబట్టి ఎంజినెక్స్ దాన్ని తనే ఇచ్చి 200, అంటే అంతా బాగుంది, అని జవాబు చెబుతోంది. లోపలికి వెళ్లి నంబరు కొట్టినవారికల్లా వెనక అప్లికేషన్ నుంచి సరైన జవాబు రాలేదనే 502 ఎర్రర్ కనబడుతోంది. డాష్‌బోర్డు మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి. దానికి తోడు, తక్కువ రిక్వెస్టులు పెండింగులో ఉన్న సర్వర్‌కే కొత్త ట్రాఫిక్ పంపే పద్ధతి పెట్టుకున్నారు. ఎర్రర్ పేజీ ఇవ్వడానికి మిల్లీ సెకన్లు చాలు కాబట్టి చచ్చిన సర్వర్ దగ్గర పెండింగే ఉండదు, అందుకని జనాన్ని అందరికంటే ఎక్కువగా దాని దగ్గరికే తోలుతోంది. బాగున్న మిగతా సర్వర్లు ఖాళీగా ఉన్నాయి.

ఇలాంటిది ఒకసారి అనుభవమయ్యాక ఇంజినీర్లు సహజంగా చేసే పని, హెల్త్ చెక్‌ను లోతుగా చేయడం. హోమ్ పేజీకి బదులు ఒక ప్రత్యేకమైన చిరునామా పెట్టి, దానిలో డేటాబేస్ పలుకుతోందా, తరచూ అడిగే సమాచారాన్ని దగ్గర ఉంచుకునే క్యాష్ (cache) పలుకుతోందా, పేమెంట్ గేట్‌వే పలుకుతోందా అని అన్నిటినీ పరీక్షించి, అన్నీ సరిగ్గా ఉంటేనే 200 అని చెప్పిస్తారు. చూడటానికి ఎంతో బాధ్యతగా కనబడే ఈ పనే, నా ఉద్దేశంలో, రద్దీ రోజున ఎక్కువ నష్టం చేస్తుంది. డేటాబేస్ అన్ని సర్వర్లకూ ఉమ్మడిది. జనం ఎక్కువై డేటాబేస్ నెమ్మదించి, జవాబు 5 సెకన్ల బదులు 6 సెకన్లకు వచ్చిందనుకోండి. ఏ సర్వర్‌లోనూ లోపం లేదు, కానీ అన్ని సర్వర్లూ ఒకే నిమిషంలో హెల్త్ చెక్ తప్పుతాయి. ఆర్టీసీ బస్సులు దారిలో రైల్వే గేటు పడి ఆగిపోతే, ఆలస్యమైన ప్రతి బస్సునూ చెడిపోయిందని రాసి తుక్కుకు పంపి, డిపో నుంచి కొత్త బస్సును అదే గేటు దగ్గరికి పంపే మేనేజరును ఏమంటాం? ఇక్కడ జరిగేది అదే, పైగా ఇంకొంత అధ్వానంగా. కొత్త సర్వర్ లేవగానే డేటాబేస్‌కు కనెక్షన్లు తెరుస్తుంది. ఒక్కొక్కటి 50 చొప్పున తెరిచేలా ఉంటే, ఒక్కసారిగా పుట్టిన 40 సర్వర్లు కలిసి 2,000 కొత్త కనెక్షన్లతో డేటాబేస్ మీద పడతాయి. వాటి క్యాష్ ఖాళీగా ఉంటుంది కాబట్టి, పాత సర్వర్లు తమ దగ్గరే ఉంచుకుని ఇచ్చే సమాచారం కోసం కూడా ఇవి డేటాబేస్‌నే అడుగుతాయి. అప్పటికే రొప్పుతున్న డేటాబేస్ ఇంకా నెమ్మదిస్తుంది. కొత్త సర్వర్లూ హెల్త్ చెక్ తప్పుతాయి. మళ్లీ తొలగింపు, మళ్లీ పుట్టుక. బయటికి మాత్రం 'రద్దీ తట్టుకోలేక సర్వర్లు కూలాయి' అని వార్త.

ఇది చిన్న సంస్థల చేతగానితనం కాదని చెప్పడానికి రెండు పెద్ద ఉదాహరణలు చాలు. రెండింటి గురించీ ఆయా కంపెనీలే వివరంగా ప్రకటించాయి.

మొదటిది 2025 అక్టోబరు 20, మనకు దీపావళి. అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో ఉన్న అమెజాన్ క్లౌడ్ రీజియన్‌లో, అంటే డేటా సెంటర్ల కేంద్రంలో, మన సమయం ప్రకారం మధ్యాహ్నం 12:18కి డైనమోడీబీ అనే డేటాబేస్ సేవ చిరునామా కనబడకుండా పోయింది. పేరును బట్టి నెట్‌వర్క్ చిరునామా చెప్పే డీఎన్ఎస్ రికార్డులను చూసుకునే రెండు ఆటోమేటిక్ ప్రక్రియలు ఒకదాని పనిలో ఒకటి అడ్డుపడి, ఆ రికార్డును ఖాళీ చేసేశాయి. మూడు గంటలలోపే దాన్ని సరిచేశారు. ప్రపంచం దృష్టి దాని మీదే నిలిచింది కానీ, నా లేఖకు సంబంధించిన ఘట్టం ఆ తరువాతిది. డైనమోడీబీ మీద ఆధారపడిన సర్వర్ల కేటాయింపు వ్యవస్థ దెబ్బతిని, కొత్తగా లేచే ఇన్‌స్టాన్సులకు, అంటే క్లౌడ్ సర్వర్లకు, నెట్‌వర్క్ వివరాలు చేరడం ఆలస్యమవుతూ వచ్చింది. ఆ వివరాలు పూర్తిగా చేరకముందే, నెట్‌వర్క్ లోడ్ బ్యాలన్సర్ల హెల్త్ చెక్ వ్యవస్థ అలాంటి ఇన్‌స్టాన్సులను పనిలోకి దింపింది. ఫలితంగా సర్వర్లు బాగానే ఉన్నా తనిఖీ ఒకసారి తప్పడం, మరోసారి నెగ్గడం మొదలైంది. తప్పినప్పుడల్లా వాటిని డీఎన్ఎస్ నుంచి తీసేయడం, నెగ్గినప్పుడల్లా తిరిగి చేర్చడం. ఈ తీసివేతలు, చేర్పుల భారంతో హెల్త్ చెక్ వ్యవస్థే కుంగిపోయింది. అది కుంగిపోయి తనిఖీలు ఆలస్యమయ్యేసరికి, ఒక జోన్‌ను, అంటే రీజియన్‌లో విడిగా నిలబడే ఒక భాగాన్ని, మొత్తంగా పక్కకు తప్పించే ఆటోమేటిక్ ఏర్పాటు కదిలి, పనిచేస్తున్న సామర్థ్యాన్ని కూడా తప్పించింది. మిగిలిన సామర్థ్యం చాలని అప్లికేషన్లకు కనెక్షన్ ఎర్రర్లు వచ్చాయి. మనవాళ్లు సాయంత్రం 6 గంటలకు దీపాలు పెట్టే వేళకు మొదలైన ఈ రెండో దెబ్బ, రాత్రి 10:06కి ఇంజినీర్లు హెల్త్ చెక్ ఆధారంగా జరిగే ఆ ఆటోమేటిక్ తప్పింపును చేత్తో ఆపేశాకే తగ్గుముఖం పట్టింది. ఆపేయగానే ఏమైంది? పక్కన పెట్టిన ఆరోగ్యవంతమైన సర్వర్లన్నీ తిరిగి పనిలోకి వచ్చాయి. అమెరికా సేవలను ఇక్కడి నుంచి కనిపెట్టుకునే మన హైదరాబాద్ ఇంజినీర్లు ఎంతమంది ఆ పండగ రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారో ఈ వృత్తిలో ఉన్న కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. ఆ తరువాత అమెజాన్ ప్రకటించిన దిద్దుబాట్లలో ఒకటి, హెల్త్ చెక్ తప్పిన కారణంగా జోన్‌ను మార్చేటప్పుడు ఒక లోడ్ బ్యాలన్సర్ తీసేయగల సామర్థ్యానికి పరిమితి పెట్టడం. సర్వర్లు పెంచుతామన్నది ఈ దెబ్బకు ఇచ్చిన జవాబు కాదు, తీసేయడానికి పగ్గం వేస్తామన్నది.

రెండోది 2021 జనవరి 4, ఆఫీసుల్లో ఉద్యోగులు వాడే చాట్ సేవ నడిపే స్లాక్ సంస్థ అనుభవం. సెలవుల తరువాత మొదటి పనిరోజు ఉదయం ఉద్యోగులందరూ ఒక్కసారిగా లాగిన్ అవుతుంటే, వారి నెట్‌వర్క్‌ను కలిపే అమెజాన్ ట్రాన్సిట్ గేట్‌వేలు ఆ వేగానికి తగినట్టు పెరగలేక డేటా ప్యాకెట్లను జారవిడిచాయి. వెబ్ సర్వర్లు వెనకనుంచి జవాబు రాక ఎదురుచూస్తూ ఖాళీగా నిలబడ్డాయి. ఎదురుచూసే సర్వర్‌కు సీపీయూ వాడకం తక్కువ. సీపీయూ తగ్గింది కాబట్టి పని తగ్గిందనుకుని ఆటో స్కేలింగ్ సర్వర్లను తగ్గించడం మొదలుపెట్టింది! కాసేపటికి ఎదురుచూపులతో వర్కర్ థ్రెడ్లు (ఒక్కో రిక్వెస్టును చూసుకునే పనివాళ్లు) నిండిపోవడంతో, ఈసారి ఆ లెక్క చూసి, 14 నిమిషాల వ్యవధిలో 1,200 సర్వర్లను పెంచబోయింది. వాటన్నిటినీ సిద్ధం చేయాల్సిన ప్రొవిజనింగ్ సర్వీసు, ఫైళ్లు తెరవడానికి ఉన్న పరిమితినీ అమెజాన్ ఇచ్చిన కోటానూ రెండింటినీ దాటి చతికిలబడింది. పుట్టిన సర్వర్లలో చాలావాటిలో అప్లికేషనే సరిగ్గా లేదు. చివరికి ఆదుకున్నవాటిలో ఒకటి లోడ్ బ్యాలన్సర్‌లోని పానిక్ మోడ్: తనిఖీ తప్పినవాటి శాతం ఒక హద్దు దాటితే తనిఖీని నమ్మడం మానేసి అందరికీ పంచే ఏర్పాటు. స్లాక్ లోడ్ బ్యాలన్సర్‌గా వాడే ఎన్వాయ్ ప్రాక్సీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ హద్దు డిఫాల్ట్‌గా 50 శాతం.

ఈ రెండు ఉదంతాల్లోనూ సర్వర్లు ఉన్నాయి, డబ్బు ఉంది, ప్రపంచంలోకెల్లా మేటి ఇంజినీర్లు ఉన్నారు. లోపించింది తీర్పు మీద అదుపు.

కొత్త సర్వర్ లేచే సమయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర నేను చూసే పతనాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతున్నాయి. సర్వర్ పుట్టగానే జవాబు చెప్పలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ లేవాలి, అప్లికేషన్ లోడ్ కావాలి, కనెక్షన్లు తెరవాలి. అంతవరకు తప్పిన తనిఖీలను లెక్కలోకి తీసుకోకుండా ఆటో స్కేలింగ్ గ్రూపులో గ్రేస్ పీరియడ్ ఉంటుంది. అమెజాన్‌లో ఆ గ్రూపును వెబ్ కన్సోల్‌లో తయారుచేస్తే అది 300 సెకన్లు. అదే గ్రూపును కమాండ్ లైన్ ద్వారానో, ప్రోగ్రామ్ ద్వారానో తయారుచేసి ఆ విలువ చెప్పకపోతే, సున్నా. టెస్టింగ్ కోసం చేత్తో కన్సోల్‌లో పెట్టి చూసుకున్నప్పుడు సవ్యంగా నడిచింది, అసలు సేవ కోసం స్క్రిప్టుతో పెట్టినప్పుడు పురిట్లోనే చచ్చిపోతుంటే, కోడ్‌లో తప్పు కోసం రాత్రంతా వెతికినవారున్నారు.

300 సెకన్లు ఉన్నా చాలని సందర్భాలు ఉంటాయి. ఒక ప్రైవేటు బుకింగ్ సేవలో చూసిన సంగతి చెబుతాను. సర్వర్ లేచిన ప్రతిసారీ కావలసిన సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలన్నిటినీ ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుని ఇన్‌స్టాల్ చేసుకునేలా స్టార్టప్ స్క్రిప్టు రాశారు. మామూలు రోజున నాలుగు నిమిషాల్లో అయిపోయేది. అమ్మకాలు తెరిచిన రోజున ఒకేసారి పుట్టిన సర్వర్లన్నీ ఒకే చోటి నుంచి దించుకోబోయేసరికి ఆరు నిమిషాలు పట్టసాగింది. ఆటో స్కేలింగ్ గ్రూపు చరిత్ర తెరిచి చూస్తే రెండే వాక్యాలు ఒకదాని కింద ఒకటి, పేజీలకు పేజీలు: హెల్త్ చెక్ తప్పినందున ఫలానా ఇన్‌స్టాన్స్ తొలగించబడింది, తొలగించిన దానికి బదులుగా ఫలానా ఇన్‌స్టాన్స్ ప్రారంభించబడింది. ఐదు నిమిషాలకు గ్రేస్ పీరియడ్ అయిపోతోంది, ఇన్‌స్టాలేషన్ ఇంకా నడుస్తూనే ఉంది, యంత్రం దాన్ని చంపి కొత్తదాన్ని తెస్తోంది, ఆ కొత్తది మళ్లీ మొదటి ప్యాకేజీ నుంచి దించుకోవడం మొదలుపెడుతోంది. ఒక్క కస్టమరుకూ సేవ చేయకుండా పుట్టి గిట్టిన ఆ సర్వర్లన్నిటికీ సెకన్ల లెక్కన బిల్లు మాత్రం వచ్చింది. దీనికి మందు తెలియనిది కాదు. సాఫ్ట్‌వేర్ అంతా ముందే నింపిన ఇమేజ్ (సర్వర్ డిస్కు నకలు) నుంచి సర్వర్లను లేపడం, సిద్ధమయ్యానని అప్లికేషనే చెప్పేదాకా గ్రూపులో చేర్చకుండా లైఫ్‌సైకిల్ హుక్‌తో ఆపి ఉంచడం. ఆ రెండూ చేశాక ఆ సేవకు ఈ బాధ తప్పింది.

అప్లికేషన్లను కంటైనర్లనే చిన్న పొట్లాల్లో పెట్టి నడిపే కుబర్నెటీస్ వాడేవారికి ఈ విషయంలో కొంత మేలు జరిగింది. బతికి ఉన్నావా అని అడిగే లైవ్‌నెస్ ప్రోబ్‌నూ, పనికి సిద్ధమేనా అని అడిగే రెడీనెస్ ప్రోబ్‌నూ అది మొదటి నుంచీ వేరుగా చూసింది. మొదటిది తప్పితే కంటైనర్‌ను రీస్టార్ట్ చేస్తుంది, రెండోది తప్పితే ట్రాఫిక్ మాత్రమే ఆపుతుంది. నెమ్మదిగా లేచే అప్లికేషన్ల కోసం స్టార్టప్ ప్రోబ్ అనే మూడోది 2020 డిసెంబరులో వచ్చిన 1.20 వెర్షన్‌తో స్థిరపడింది. ఇంత చక్కగా విడదీసి ఇచ్చినా, మనవాళ్లలో చాలామంది ఒకే చిరునామాను రెండు ప్రోబ్‌లకూ కాపీ చేసి పెడుతున్నారు, అదీ డేటాబేస్‌ను అడిగే చిరునామాను. జవాబు కోసం ఎదురుచూసే టైమౌట్ డిఫాల్ట్‌గా ఒక్క సెకను. జావా మెమరీ శుభ్రం చేసుకునేటప్పుడు సెకనుకు మించి ఆగడం వింతేమీ కాదు.

ఇదంతా విని హెల్త్ చెక్‌లు తీసేయమంటున్నానని ఎవరూ అనుకోవద్దు. తొలగింపును సస్పెండ్ చేసి, ఆ సంగతే మరచిపోయి, నెలల తరబడి చచ్చిన సర్వర్లతో నడిచిన సేవలు కూడా ఉన్నాయి, అదీ ఆరోగ్యం కాదు. నేను చెప్పేది ప్రశ్నకు తగ్గ చర్య ఉండాలని. సర్వర్ లోపల మాత్రమే ఉన్న లోపం, అంటే డిస్కు నిండటం, ప్రాసెస్ చావడం, థ్రెడ్లు బిగుసుకుపోవడం వంటివి కనబడితే తీసేసి కొత్తదాన్ని తేవడం న్యాయం, ఎందుకంటే కొత్తది తేవడంతో ఆ లోపం పోతుంది. డేటాబేస్ వంటి ఉమ్మడి ఆధారం పలకకపోతే సర్వర్‌ను చంపి లాభం లేదు. ఆ విషయం అలారంగా మోగి మనిషికి చేరాలి, సర్వర్ తను చేయగలిగిన పని చేస్తూ ఉండాలి. కొత్తది సిద్ధమయ్యాకే పాతదాన్ని తీసేలా, ఏ క్షణంలోనూ పనిచేస్తున్న సామర్థ్యం ఫలానా శాతానికి తగ్గకుండా హద్దు పెట్టుకునే వీలును అమెజాన్ 2023లోనే ఆటో స్కేలింగ్‌లో ఇచ్చింది. వాడుకోవడం మన చేతిలో ఉంది. ఇంకొకటి, తొలగించిన ఇన్‌స్టాన్స్‌తో పాటే దాని రూట్ డిస్కు కూడా డిఫాల్ట్‌గా చెరిగిపోతుంది. లాగ్‌లు ఎప్పటికప్పుడు బయటికి పంపించే ఏర్పాటు లేకపోతే, ఏం జరిగిందో చెప్పగలిగే సాక్ష్యాన్ని వ్యవస్థ తనంత తానే కాల్చేసినట్టే.

ప్రభుత్వ సేవల విషయానికి వస్తే, తెలుగు రాష్ట్రాలకు సాధనాల కొరత లేదు. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లోనే మూడు అవైలబిలిటీ జోన్లతో ఒక రీజియన్ తెరిచింది. ఈ పని తెలిసిన ఇంజినీర్లు మాధాపూర్‌లో ఏ టీ కొట్టు దగ్గర చూసినా దొరుకుతారు. కొరత టెండరు పత్రాల్లో ఉంది. 'ఆటో స్కేలింగ్ సదుపాయం ఉండవలెను' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, హెల్త్ చెక్ దేన్ని పరీక్షిస్తుందో, అది తప్పితే ఏ చర్య జరుగుతుందో, ఒకేసారి గరిష్ఠంగా ఎంత శాతం సర్వర్లను యంత్రం తీసేయవచ్చో, ఆ తొలగింపును ఆపే అధికారం రాత్రివేళ ఏ హోదా ఉద్యోగి చేతిలో ఉంటుందో కాంట్రాక్టర్ రాసి ఇవ్వాలని అడగాలి. సేవ ప్రారంభానికి ముందు చేసే లోడ్ టెస్టులో జనాన్ని పెంచి చూడటంతో పాటు, డేటాబేస్‌ను కావాలని నెమ్మదింపజేసి, అప్పుడు ఎన్ని సర్వర్లు వాటంతటవి మాయమవుతాయో లెక్కపెట్టాలి. ఈ రెండో పరీక్ష అడిగిన టెండరు ఇంతవరకు నా కంటబడలేదు. ఫలితాల విడుదల వేళ ముందే తెలిసిన విషయం కాబట్టి, ఆ వేళకు గంట ముందే సర్వర్లను పెంచి, పనికి సిద్ధంగా ఉంచి, ఆ రద్దీ ముగిసేదాకా తగ్గింపును ఆపి ఉంచడానికి ఏ కొత్త సాంకేతికతా అక్కరలేదు. 2021 ఏప్రిల్ 28న సాయంత్రం 4 గంటలకు కోవిడ్ టీకాల పోర్టల్ కోవిన్‌లో 18 ఏళ్లు దాటినవారి నమోదు తెరిచినప్పుడు నిమిషాల్లోనే జనం ఎర్రర్ పేజీల దగ్గర ఆగిపోవడం అందరికీ గుర్తుంది. గడియారం చూసుకుని వచ్చే రద్దీని, రద్దీ వచ్చాక చూసి పెంచే ఏర్పాటు ఎప్పటికీ అందుకోలేదు, ఎందుకంటే సర్వర్ లేచే నిమిషాలే అక్కడ జనం ఓపిక మొత్తం.

చివరగా మీ విలేకరులకు ఒక మనవి. ఈసారి ఏదైనా సేవ మొరాయిస్తే, ఎన్ని సర్వర్లు ఉన్నాయని అధికారులను అడగండి, తప్పులేదు. దానితో పాటు, ఆ గంటలో ఎన్ని సర్వర్లను వ్యవస్థ తనంత తానే తొలగించింది, ఏ కారణం నమోదైంది అని కూడా అడగండి. అది ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడే సమాచారం కాదు, ఆటో స్కేలింగ్ గ్రూపు చరిత్రలో సెకన్లతో సహా రాసి ఉంటుంది. అమెజాన్‌లో ఆ చరిత్ర గడిచిన ఆరు వారాలదే దొరుకుతుంది. విచారణ కమిటీ వేసి, అది మొదటి సమావేశం జరుపుకునేలోపు ఆ గడువు దాటిపోవచ్చు కాబట్టి, మొదటి వారంలోనే అడగడం మంచిది.

ఇట్లు,
ఒక క్లౌడ్ నిర్వహణ ఇంజినీరు,
హైదరాబాద్